ఈక కింది దారం

"మామా, నీకు ఫ్లై కట్టడం నేర్పిస్తా" అన్నాడు మా చెల్లెలి కొడుకు, పోయిన దీపావళి సెలవులకు అంబత్తూరు వచ్చినప్పుడు. వాడికి కూనూరులో ఉద్యోగం. సెలవు దొరికితే నీలగిరి ఏళ్ల దగ్గరికి పోయి గాలం వేయడం వాడి సరదా.

మంచం మీద కూర్చున్న మా అమ్మ ఆ మాట విని తలెత్తింది. "ఫ్లై మగ్గమా? ఇప్పుడెందుకురా ఈ ఇంట్లో మగ్గం? మగ్గం పెట్టే గది బాడిగకిచ్చేసినాం గదా!" అంది.

మాకు నవ్వొచ్చింది. మన ఇళ్లలో ఫ్లై అంటే ఒకటే అర్థం. చేత్తో విసిరే నాడెకు బదులు, తాడు లాగితే ఈ పక్క పెట్టెలోంచి ఎగిరి ఆ పక్క పెట్టెలో పడే నాడె ఉన్న మగ్గం. ఆ ఫ్లై అంటే ఎగరడం. వీడు చెప్పే ఫ్లై అంటే ఈగ. గాలం ముల్లుకు దారం, ఉన్ని, ఈక చుట్టి పురుగులా కనిపించేట్టు చేసే ఎర అది. నేను దాన్ని గాలపు ఈగ అంటున్నాను.

చేనేత సంచికలో చేపల గాలం సంగతి ఏమిటని చదివేవాళ్లు అనుకోవచ్చు. మొదట నేనూ అట్లాగే అనుకున్నాను. మూడు నెలలు ముల్లుతో, దారంతో కుస్తీ పట్టి, మేనల్లుడు ఇచ్చిన పుస్తకాలు తిరగేశాక తెలిసింది, ఇది మన కథకు చాలా దగ్గరిదని. అందుకే సమాఖ్య వాళ్లు చరిత్ర వ్యాసం అడిగితే ఇదే రాస్తున్నాను.

ఈగ ఎందుకు కట్టారు

ట్రౌట్ అనే చేప చల్లటి కొండ ఏళ్లలో బతుకుతుంది. నీళ్ల మీద వాలే పురుగులు, నీళ్లలోంచి రెక్కలు విప్పుకుని పైకి లేచే పురుగులు దానికి తిండి. అసలు పురుగును ముల్లుకు గుచ్చితే నలిగిపోతుంది, రెండు విసుర్లకు ఊడిపోతుంది. అందుకని పురుగు బొమ్మను కట్టారు. బొమ్మకు బరువు ఉండదు కాబట్టి దాన్ని దూరం తీసుకుపోయే బరువు తాడుకే ఉండాలి. మనం చెరువులో వేసే గాలానికి సీసం గుండు చేసే పనిని ఇక్కడ తాడే చేస్తుంది.

ఆ తాడును ఒకప్పుడు పట్టుదారాలు అల్లి, అవిసె నూనె పట్టించి తయారుచేసేవారు. తాడు చివర, చేప కంటికి ఆనకుండా కట్టే సన్నటి పోగు కూడా పట్టుపురుగుదే. గూడు కట్టడానికి సిద్ధమైన పురుగును వెనిగర్‌లో నానబెట్టి, లోపలి పట్టు తిత్తిని బయటికి తీసి, చేత్తో సాగదీసి ఆరబెట్టేవారు. స్పెయిన్‌లో ముర్సియా అనే ప్రాంతం ఆ పనికి పేరు పడింది. 1930ల చివర్లో నైలాన్ వచ్చాక ఆ పని క్రమంగా మూలపడింది. కొత్త దారం వచ్చి పాత చేతిపనిని తోసేయడం మనకు కొత్త కథ కాదు.

మొదటి సాయంత్రం

మేనల్లుడు బల్ల అంచుకు చిన్న వైస్ బిగించాడు. దాని దవడల మధ్య ముల్లు పెట్టాడు. "దారం చుట్టు మామా" అన్నాడు. నేను అంబత్తూరు ఎస్టేటులో ఒక ఎగుమతి బట్టల యూనిట్లో చెకింగ్ సెక్షన్లో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి. కుట్టులో తప్పు దూరంనుంచే కనిపెడతాను. అట్లాంటివాణ్ణి దారం చుట్టబోతే నాలుగుసార్లు తెగింది. అయిదోసారి తెగలేదు గానీ వదులై జారిపోయింది.

అమ్మ మంచం మీదినుంచే అంది: "అట్లా పీడించకురా దాన్ని. కండె చుట్టేటప్పుడు ఎట్లా పట్టుకుంటామో అట్లా పట్టుకో."

నాకు కండె చుట్టడం రాదు. మా నాయన నగరి దగ్గర ఊరు వదిలి పెరంబూరు మిల్లు పనికి వచ్చినప్పుడు అమ్మ రాట్నం వెంట తెచ్చుకుంది. చానా ఏళ్లు ఇంట్లో మగ్గం ఆడింది. నేను బడికి, ఆ తర్వాత ఫ్యాక్టరీకి పోయాను. మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాణ్ణే గానీ దాని మీద కూర్చోలేదు. "నువ్వు చదువుకోరా" అని వాళ్లే కూర్చోనివ్వలేదు. ఇప్పుడు ఎనభై రెండేళ్ల అమ్మ, కళ్లు సరిగా ఆనని అమ్మ, లేచి వచ్చి నా చేతిలో బాబిన్ తీసుకుంది. దారాన్ని ముల్లు కాడ మీద పెట్టి, దాని కొస మీదే నాలుగు చుట్లు వెనక్కి తిప్పింది. దారం తనను తానే పట్టుకుంది. ముడి వేయలేదు. మేనల్లుడు నోరు తెరిచాడు. వాడి పుస్తకంలో మొదటి పాఠం అదే.

"ఖాళీ కండెకు దారం ఎక్కించేది ఇట్లాగే గదా" అంది అమ్మ, ఇందులో ఏముందన్నట్టు.

ఈక కంటే ముందు ఉన్ని

ఈ పని ఎంత పాతదో వెతికితే సుమారు 1,800 ఏళ్ల వెనక్కి పోవాల్సి వచ్చింది. రోమను కాలపు రచయిత ఈలియన్ జంతువుల గురించి రాసిన పుస్తకంలో మాసిడోనియా మనుషుల సంగతి చెప్పాడు. అక్కడ ఆస్ట్రేయస్ అనే ఏట్లో చుక్కల చేపలున్నాయి. అవి తినే ఈగను ముల్లుకు గుచ్చితే పాడైపోతుంది. అందుకని అక్కడివాళ్లు ముల్లు చుట్టూ ఎర్రటి ఉన్ని చుట్టి, దాని మీద కోడిపుంజు మెడ కింది ఈకలు రెండు కట్టేవారు. ఉన్ని చుట్టి, ఆ తర్వాత ఈక కట్టాలి. నేను అంబత్తూరులో నేర్చుకున్న వరస కూడా అదే.

1496లో ఇంగ్లండులో గాలం మీద ఒక చిన్న గ్రంథం అచ్చయింది. అచ్చువేసినవాడు వింకిన్ డి వర్డ్. రాసింది జులియానా బర్నర్స్ అనే సన్యాసిని అని చాలాకాలం చెప్పుకున్నారు, కాదనేవాళ్లూ ఉన్నారు. అందులో పన్నెండు ఈగలు కట్టే తీరు ఉంది. చాలావాటికి ఒళ్లు ఉన్నితోనే, కొన్నింటి మీద పట్టుదారం చుట్టాలి. అంటే ఈ పనికి సరుకు మొదటినుంచీ నూలు వడికేవాళ్ల దగ్గరినుంచి, రంగులద్దేవాళ్ల దగ్గరినుంచే వచ్చింది.

మద్రాసుకు ఎట్లా వచ్చింది

మన ప్రాంతానికి ఈ విద్య దొరలతో వచ్చింది. మద్రాసు సివిల్ సర్వీసులో హెన్రీ సలివన్ థామస్ అనే అధికారి ఉండేవాడు. దక్షిణ కెనరా కలెక్టరుగా పనిచేశాడు. మన దేశపు నదుల్లో గాలం వేయడం మీద ఆయన రాసిన 'ద రాడ్ ఇన్ ఇండియా' 1873లో మంగళూరులో వెలువడింది. 1887లో 'ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా' రాశాడు. ట్యాంకు అంటే మన చెరువే. ఏళ్లు లేని మైదానంలో, చెరువు గట్టు మీద కూర్చుని గాలం వేసే దొరల కోసం రాసిన పుస్తకం అది. మన చుట్టూ అంబత్తూరు చెరువు, కొరట్టూరు చెరువు ఉన్నాయి కదా, అట్లాంటివాటి కోసమన్నమాట.

ఇక్కడ మనవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. థామస్ మొదటి పుస్తకాన్ని వెలువరించింది మంగళూరులోని బాసెల్ మిషన్. ఆ మిషనే అక్కడ నేత ఫ్యాక్టరీ నడిపింది. 1850ల మొదట్లో జాన్ హాలర్ అనే జర్మను నేతగాడు యూరపు నుంచి వచ్చి ఆ ఫ్యాక్టరీలో ఫ్లై షటిల్ మగ్గాలు పెట్టించాడు. ఖాకీ రంగును తయారుచేసింది కూడా ఆయనే అంటారు. అంటే మన దక్షిణాదిలో ఎగిరే నాడె తొలిసారి ఆడిన చోట్లలో ఒకటి, గాలపు ఈగల సంగతి చెప్పే పుస్తకం వెలువడిన చోటు ఒకే ఊరు, ఒకే సంస్థ. మా అమ్మ "ఫ్లై మగ్గమా?" అని అడిగింది ఊరికే పోలేదు!

నీలగిరి ఏళ్లలో ట్రౌట్ పుట్టి పెరిగిన చేప కాదు. 1860ల్లో ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు, చేపల శాస్త్రవేత్త దాన్ని తెచ్చి వదలాలని ప్రయత్నించాడు, నిలవలేదు. 20వ శతాబ్దం మొదట్లో హెచ్. సి. విల్సన్ ఆ పని సాధించాడు. అవలాంచీ దగ్గర గుడ్లు పొదిగించే కేంద్రం 1907లో వెలిసింది. అదే ఏడు ఫ్రెడరిక్ నికల్సన్ చేతుల మీదుగా మద్రాసు ఫిషరీస్ బ్యూరో మొదలైంది. మా మేనల్లుడు ఇప్పుడు గాలం వేసే చేప ఆ కథలోంచి వచ్చిందే.

మన అడవి ఈకలు

చేపతో పాటు ఈకల రాకపోకలు కూడా ఉన్నాయి. అవి ఇక్కడినుంచి అక్కడికి పోయాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లండు, స్కాట్లండులో సాల్మన్ చేపకు కట్టే ఈగలు రంగురంగుల పూలగుత్తుల్లా తయారయ్యాయి. వాటిలో ఎక్కువ పేరున్నది 'జాక్ స్కాట్'. దాని ఒంటికి పసుపు పట్టు, నల్ల పట్టు చుడతారు. మధ్య మధ్య వెండి జరీ వేస్తారు. రెక్కలకు దేశదేశాల ఈకలు కడతారు. అందులో నెమలి ఈక ఉంది, మన దక్షిణాది అడవికోడి మెడ ఈక కూడా ఉంది.

ఆ అడవికోడి పుంజు మెడ ఈకలకు మైనం చుక్కలు పెట్టినట్టు పసుపు మచ్చలు మెరుస్తాయి. నీళ్లలో అవి చిన్న చేప కన్నులా కనిపిస్తాయని వాటి కోసం పడిచచ్చేవారు. ఆ పక్షి శాస్త్రీయ నామంలో ఉన్నది 18వ శతాబ్దంలో మన దేశంలో తిరిగిన సోనెరాత్ అనే ఫ్రెంచి యాత్రికుడి పేరు. ఈకల వ్యాపారం పక్షులకు ప్రాణాంతకమైంది. టోపీలకు, గాలాలకు లెక్కలేనన్ని పక్షులు చచ్చాయి. 1902లో ఇండియా ప్రభుత్వం ఈకల ఎగుమతిని నిషేధించింది. బ్రిటన్ 1921లో దిగుమతిని నిషేధిస్తూ చట్టం చేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో నెమలిని, అడవికోడిని వేటాడటం శిక్షపడే నేరం. కాబట్టి ఈ వ్యాసం చదివి ఎవరికైనా సరదా పుడితే అటు పోకండి. కూర కోసం కోసిన నాటుకోడి మెడ ఈకలు, బాతు ఈకలు చాలు. నేను వాటితోనే కడుతున్నాను.

నేత మాటల్లో నాలుగు పాఠాలు

నేర్చుకునేటప్పుడు మేనల్లుడు చెప్పిన మాటలు నాకు సగం అర్థమయ్యేవి. వాటిని అమ్మ నేత మాటల్లోకి మార్చి చెప్పేది. మన ఇళ్లవాళ్లకు పనికొస్తుందని అట్లాగే రాస్తున్నాను.

మొదటిది దారం అంకె. వాడు తెచ్చిన చుట్ట మీద 70 డెనియర్ అని ఉంది. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అది డెనియర్. పట్టు నేసేవాళ్లకు ఇది తెలిసిందే. నూలు కౌంటు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, డెనియర్ పెరిగేకొద్దీ లావవుతుంది. ముళ్ల అంకెలు కౌంటు లాంటివి. 14 నంబరు ముల్లు కంటే 10 నంబరు ముల్లు పెద్దది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు 10 గానీ 12 గానీ మంచిది.

రెండోది పురి. కుడిచేత్తో చుట్టేకొద్దీ దారానికి పురి ఎక్కుతుంది. పురి ఎక్కిన దారం గుండ్రంగా, గట్టిగా ఉండి గట్టులా లేస్తుంది. బాబిన్ వేలాడదీసి గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిప్పితే పురి విడిపోయి దారం పట్టీలా పరుచుకుంటుంది. ఒళ్లు నున్నగా రావాలంటే పురి విప్పాలి, ఈకను గట్టిగా పట్టాలంటే పురి ఎక్కించాలి. వాడు దీన్ని చెప్పడానికి పావుగంట తీసుకున్నాడు. అమ్మ మాత్రం దారాన్ని వేళ్ల మధ్య ఒకసారి నలిపి, "పురెక్కింది, విప్పు" అంది, అంతే.

మూడోది ఎదురు చుట్టు. ముల్లు కాడకు ఉన్ని చుట్టి, దాని మీద కోడి మెడ ఈకను తోకనుంచి తల దాకా పాములా చుడతాం. ఈక ఒంటరిగా ఉంటే చేప పంటికి ఒక్కచోట తెగినా మొత్తం విడిపోతుంది. అందుకని దాని మీద ఎదురు దిక్కున సన్నటి జరీ వేస్తాం. ఒకటి కుడికి పోతే ఇంకొకటి ఎడమకు పోతుంది, ఒకదాన్నొకటి కట్టిపడేస్తాయి. పడుగూ పేకా చేసే పని కూడా ఇదే కదా. విడివిడిగా ఉంటే పోగులు, అడ్డంగా కలిస్తే బట్ట.

నాలుగోది చోటు వదలడం. నా మొదటి ఇరవై ఈగలకూ తల లేదు. ముల్లు కన్ను దాకా ఉన్ని, ఈక నింపేశాను, చివర దారం కట్టడానికి చోటు మిగల్లేదు. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఇదేనట. "అంచు వదలకుండా నేసినట్టుందిరా" అంది అమ్మ. ఇప్పుడు ముందే కన్ను వెనక కొంచెం చోటు వదిలి, అక్కడికి సరుకు రానివ్వను. చివరికి దారాన్ని దాని మీదే నాలుగైదుసార్లు చుట్టి, కొసను ఆ చుట్ల కిందుగా లాగి బిగిస్తాను. ముడి పైకి కనిపించదు. మొదలుపెట్టింది దారం తన కిందే తాను దూరి, ముగిసేదీ అట్లాగే.

ఇంత చేశాక చూసేవాళ్లకు కనిపించేది ఈక, జరీ. అన్నిటినీ పట్టి ఉంచిన దారం మాత్రం కనిపించదు.

పేర్లు ఎవరివి, చేతులు ఎవరివి

పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు నా మనసుకు తగిలింది ఈ సంగతే. గాలపు ఈగలకు దొరల పేర్లు, నదుల పేర్లు, ఊళ్ల పేర్లు ఉన్నాయి. పుస్తకాలు రాసింది ఎక్కువగా గాలం వేసే పెద్దమనుషులు. కట్టింది మాత్రం చాలాచోట్ల కూలికి పనిచేసేవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం మాంచెస్టర్ ఊళ్లో ఆర్విస్ కంపెనీ ఉంది. యజమాని కూతురు మేరీ ఆర్విస్ మార్బరీ 1870ల్లో ఈగలు కట్టే విభాగం బాధ్యత తీసుకుంది. పని అంతా ఆడవాళ్లదే. ఒకే ఈగకు ఊరికో పేరు, ఒకే పేరుకు ఊరికో ఈగ ఉన్న గందరగోళం పోవాలని, గాలం వేసేవాళ్లకు దేశమంతా ఉత్తరాలు రాసి, 1892లో రంగు బొమ్మలతో పెద్ద పుస్తకం తెచ్చింది. ఏ ఈగ ఎట్లా ఉండాలో ఆ పుస్తకమే తేల్చింది. ఆమె పేరు నిలిచింది. ఆమె పక్కన కూర్చుని కట్టిన ఆడవాళ్ల పేర్లు నిలవలేదు.

మేన్ రాష్ట్రంలో క్యారీ స్టీవెన్స్ టోపీలకు అలంకారాలు చేసే పని తెలిసిన మనిషి. 1924 జూలై 1న ఇంట్లో పని మధ్యలో ఆపి, తాను కట్టిన కొత్త ఈగతో ఏటికి పోయి ఆరు పౌన్ల పదమూడు ఔన్సుల చేప పట్టింది. ఆమెకు వైస్ లేదు. ముల్లును వేళ్ల మధ్యే పట్టుకుని కట్టేది. జపాన్‌లో కనజావా ఊళ్లో ఈకకు బంగారు రేకు, లక్క అద్ది కట్టే కాగా ఈగలు కూడా వేళ్ల మధ్య కట్టేవే. స్కాట్లండులో బ్రోరా ఊరి దగ్గర మేగన్ బాయిడ్ చిన్న రేకుల షెడ్డులో కూర్చుని సాల్మన్ ఈగలు కట్టింది. ఆమెకు చేపలు పట్టే ఆశే లేదు. 1971లో ప్రభుత్వం పతకం ఇచ్చింది. కుక్కను చూసుకునే మనిషి లేరని ఆమె రాణిగారి దగ్గరికి పోలేదట. ఈ కథ అమ్మకు చెబితే బాగా నవ్వింది. "పని వదిలి ఎట్లా పోతుందిరా?" అంది.

ఆ మాటతో నా ఆలోచన మన చెన్నపట్నం వైపు మళ్లింది. 1733లో ఇంగ్లండులో జాన్ కే ఫ్లై షటిల్‌కు పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడు, 1734లో, మద్రాసు గవర్నరు జార్జ్ మార్టన్ పిట్ కూవం ఒడ్డున సుంకురామ చెట్టి తోటలో నేతగాళ్లకు, వడికేవాళ్లకు, అద్దకంవాళ్లకు పేట కట్టించాడు. తమిళంలో తరి అంటే మగ్గం. చిన్న తరి పేట అన్నదే చింతాద్రిపేట అయింది. దానికి ముందు గవర్నరు జోసెఫ్ కాలెట్ తిరువొత్తియూరు దగ్గర నేతగాళ్లకు ఊరు కట్టిస్తే, అది ఆయన పేరుతో కాలడిపేట అయింది. గవర్నర్ల పేర్లు, తోట యజమాని పేరు కాగితాల్లో భద్రంగా ఉన్నాయి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాళ్లంతా 'నేతగాళ్లు' అన్న ఒక్కమాటలో ఒదిగిపోయారు. చీరాల చుట్టుపక్కల మనవాళ్లు నేసిన గళ్ల బట్ట ఓడలెక్కి పడమటి ఆఫ్రికా దాకా పోయింది. దాని పేరు మాత్రం రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. బట్టకు ఓడరేవు పేరే దక్కింది, నేసిన ఊరి పేరు దక్కలేదు.

నేసినవాడి పేరే లేనప్పుడు, నేతకు ముందు పనులు చేసినవాళ్ల పేర్లు ఎక్కడుంటాయి? చిలప విప్పినవాళ్లు, ఆసు పోసినవాళ్లు, కండె చుట్టినవాళ్లు, తెగిన పోగు అతికినవాళ్లు ఎక్కువగా మన ఇళ్ల ఆడవాళ్లు. 2019-20 చేనేత గణనలో దేశంలో 35 లక్షలకు పైగా చేనేత పనివాళ్లు లెక్కతేలారు. పదిమందిలో ఏడుగురికి పైగా ఆడవాళ్లే. లెక్కలోకి వచ్చారు, సంతోషం. కానీ మన ఇంట్లో ఎవరైనా "మీరేం పని చేసేవారమ్మా?" అని అడిగితే వాళ్లు చెప్పే జవాబు ఏమిటి? "నేనేం చేసినా? మీ నాయన నేస్తుంటే ఊరికే కూర్చునేదాన్ని" అంటారు. మా అమ్మ నాతో అన్నది అచ్చంగా ఇదే.

ఊరికే కూర్చోవడమంటే ఏమిటో ఈ మూడు నెలల్లో నాకు తెలిసింది. ఒక దారం తెగే చోటుకు వెంట్రుకవాసి ముందు ఆపడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. ఆ పట్టు ఆమె వేళ్లలో డెబ్బై ఏళ్లుగా ఉంది. దాన్ని ఎవరూ పుస్తకంలో రాయలేదు. నేనూ పక్కన కూర్చుని నేర్చుకోలేదు. "చదువుకో" అన్నారని చదువుకున్నాను, వాళ్లు తప్పు చేశారని అనను. ఆ చదువుతోనే కదా ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. కానీ గాలపు ఈగ అనే విదేశీ సరదా వచ్చి బల్ల మీద కూర్చుంటే గానీ, నా ఇంట్లో ఉన్న విద్య నా కంటికి కనిపించలేదే అన్నది మాత్రం గుచ్చుకుంటోంది.

మన సంచికకు ఒక మనవి

2015 ఆగస్టు 7న తొలి జాతీయ చేనేత దినోత్సవం మన చెన్నైలోనే, మద్రాసు విశ్వవిద్యాలయం శతాబ్ది భవనంలో జరిగింది. అప్పటినుంచి ఏటా ఆ రోజు దండలు, సన్మానాలు ఉంటున్నాయి. మంచిదే. దానికి తోడు మన సమాఖ్య కుటుంబాలు ఇంకొక పని చేయవచ్చు. ఈసారి కుటుంబ వివరాలు నింపేటప్పుడు ఇంటి పెద్ద పేరు, ఊరు, గోత్రంతో ఆపకండి. ఎవరు ఆసు పోశారు, ఎవరు కండెలు చుట్టారు, ఎవరు రంగు వేశారు, ఎవరు గంజి పట్టించారు, ఎవరు అతుకులు వేశారు, ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఒక్కొక్క పని రాయండి. ఇంట్లో అవ్వ ఉంటే ఒక సాయంత్రం ఆమె చేతికి దారం ఇచ్చి, ఆమె వేళ్లు ఏం చేస్తాయో సెల్‌ఫోన్‌లో వీడియో తీయండి. మాటల్లో అడిగితే చెప్పరు. దారం చేతికిస్తే చేతులే చెబుతాయి.

నేను మా అమ్మ పేరు ఇక్కడ రాస్తానంటే ఒప్పుకోలేదు. "నా పేరెందుకురా, పని పేరు రాయి చాలు" అంది. కాబట్టి పని పేర్లే రాస్తున్నాను: చిలప విప్పడం, కండె చుట్టడం, ఆసు పోయడం, పోగు అతకడం, నా మొదటి ఈగకు మొదటి చుట్టు.

పోయిన వారం యాభై నాలుగో ఈగ కట్టాను. నలుపు ఉన్ని, నాటుకోడి ఎర్ర ఈక, పాత చీర అంచులోంచి తీసిన జరీ పోగు. కొరమీను మింగుతుందో, ట్రౌట్ మింగుతుందో, ఏదీ మింగదో నాకు తెలీదు. దాన్ని అమ్మ అరచేతిలో పెట్టాను. ఆమె కళ్లతో చూడలేదు. బొటనవేలి గోటితో ఈగ తల దగ్గర, కొస లోపలికి లాగిన చోట, ఒకసారి గీకి చూసింది. ఇంకోసారి గీకింది.

"ఇది ఊడదులే" అని, ఈగను జాగ్రత్తగా నా చేతిలో తిరిగి పెట్టింది.